గర్భిణి నడుమునొప్పి: కారణము, ఉపశమనము

తొలికాన్పుకు పుట్టింటికి వెళ్లడం తెలుగునాట ఆచారం. జర్మనీలో కాపురమున్న ఆడపడుచుకు ఆ అవకాశం అన్నివేళలా లభించదు. అందువలన నడుమునొప్పికి కారణం తానే ఎరిగి ఉండడం మేలు.

గర్భం పెరిగేకొద్దీ శరీరపు గురుత్వకేంద్రం ముందుకు జరుగుతుంది. సమతూకం నిలిపేందుకు వెన్నుకండరాలు బిగుసుకొంటాయి. కటివలయపు సంధిబంధనాలు సైతం వదులవుతాయి. ఇందుకు తోడ్పడే రిలాక్సిన్ అనే హార్మోనును 1926లో ఫ్రెడరిక్ హైసా గినీపందులలో గుర్తించాడు. ఇన్సులిన్ వలె ఇదియూ గంధకపు బంధాలతో ముడివడిన రెండు గొలుసుల ప్రోటీను.

బంధనాలు ముందే వదులైనందున బలంగా సాగదీయడం హితం కాదు. ఈ రెండు వ్యాయామాలు సున్నితమైనవి:

1. చంటిబిడ్డ పాకే భంగిమలో ఉండి, ఊపిరి విడుస్తూ వీపును గుండ్రంగా ఎత్తి, పీలుస్తూ సమంగా దించాలి.

2. గోడకు వీపు ఆనించి, మోకాళ్లు కొద్దిగా వంచి, నడుము గోడను తాకేలా మెల్లగా ఒత్తాలి.

నొప్పి కలిగితే ఆపివేయాలి. నెలలు నిండేకొద్దీ చాలాసేపు వెల్లకిలా పడుకొనరాదు. గర్భాశయపు బరువు పెద్ద సిరను అదిమి తల తిరుగుతుంది. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ఉండి ఉండి కడుపు బిగుసుకొనడం కనిపిస్తే వెంటనే వైద్యసహాయం పొందాలి.

జర్మనీలో హెబామె, అనగా శిక్షణ పొందిన మంత్రసాని, సేవలకూ ప్రసవపూర్వ తరగతులకూ ప్రభుత్వ ఆరోగ్యబీమా చెల్లిస్తుంది. గర్భం నిర్ధారణ కాగానే ఆమెను కుదుర్చుకొనాలి; వ్యాయామానికి ముందు ఆమెనో వైద్యునో అడగాలి. భాష రాదన్న సంకోచంతో నొప్పిని దాచుకొనరాదు.