అందాల పోటీ మన ఇంట్లోనూ ఉంది

తాండూరులో ఒక సోదరి ఇంట్లో ప్రతి ఆదివారం జుహర్ నమాజ్ తర్వాత స్త్రీల కోసం దర్స్ జరుగుతుంది. కొన్నేళ్ళుగా ఆ దర్స్ చెప్పే భాగ్యాన్ని అల్లాహ్ నాకు ప్రసాదించాడు. ఒక ఆదివారం దర్స్ ముగిసి అందరూ చెప్పులు తొడుక్కుంటుండగా ఒక తల్లి తన కూతురి చెయ్యి పట్టుకొని నా దగ్గరకు తీసుకువచ్చింది.

"ఆపా! దీనికి కాస్త బుద్ధి చెప్పండి. కాలేజీలో అందాల పోటీకి పేరిచ్చి వచ్చింది" అంది.

అమ్మాయి బి.ఇడి. మొదటి సంవత్సరం. రోజూ తాండూరు నుండి రైలెక్కి వికారాబాద్ వెళ్ళి చదువుకుంటోంది. తండ్రికి నాపరాళ్ళ పాలిషింగ్ యూనిట్‌లో పని. కాలేజీలో కొత్తగా చేరినవాళ్ళ కోసం ఫ్రెషర్స్ డే జరుపుతున్నారు. అందులో 'మిస్ ఫ్రెషర్' అని ఒక పోటీ. వేదిక మీద ఆ చివర నుండి ఈ చివరకు నడవాలి. అడిగిన ఒక ప్రశ్నకు జవాబు చెప్పాలి. ముగ్గురు కూర్చొని మార్కులు వేస్తారు. గెలిచిన అమ్మాయికి భుజం మీదుగా ఒక పట్టీ, తలకు ఒక అట్ట కిరీటం. స్నేహితురాళ్ళు ఈ అమ్మాయి పేరు కూడా రాశారట. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక వేదిక ఎక్కబోతున్నానన్న ఉత్సాహం ఆమె ముఖంలో కనిపిస్తూనే ఉంది.

"ఆపా, నేను హిజాబ్ తీయను. నిండుగా బట్టలు వేసుకొనే నడుస్తాను. అయినా తప్పేనా?" అని అడిగింది.

నేను ఎప్పుడూ చెప్పేదే చెప్పాను. సూరా నూర్, సూరా అహ్‌జాబ్ ఆయతుల భావం వివరించాను. ఆమె తల వంచుకొని చివరిదాకా విన్నది. ఆ తర్వాత మెల్లగా ఇలా అన్నది:

"సరే ఆపా, వెళ్ళను. కానీ పోయిన నెల మా ఇంట్లో ఏం జరిగిందో అమ్మీని అడగండి. వికారాబాద్ నుండి నన్ను చూసుకోవడానికి నలుగురు ఆడవాళ్ళు వచ్చారు. అటూ ఇటూ నడిపించారు. వెలుతురు చాలదని కిటికీ దగ్గర నిలబెట్టారు. చున్నీ తీయించి జడ చూశారు. ఒకామె నా చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టి రంగు పోల్చుకుంది. వెళ్తూ వెళ్తూ 'పిల్ల మంచిదే గానీ రంగు తక్కువ' అన్నారు. కాలేజీలో మార్కులు వేస్తే గునా, ఇంట్లో వేస్తే రిష్తానా?"

ఆ తల్లి చూపు దించుకుంది. నిజం చెప్పాలంటే నాకూ మాట తోచలేదు. వచ్చే ఆదివారం జవాబు చెబుతానన్నాను. ఆ వారమంతా ఆలోచించి చెప్పిన జవాబే ఇది. ఆమెకు మాత్రమే చెప్పి ఊరుకోవలసిన విషయం కాదనిపించి ఇక్కడ రాస్తున్నాను.

ముందు వేదిక సంగతి చూద్దాం. 2025 మే నెలలో 72వ మిస్ వరల్డ్ పోటీలు మన హైదరాబాద్‌లోనే జరిగాయి. వందకు పైగా దేశాల యువతులు వచ్చారు. వారిని చార్మినార్‌కు, లాడ్ బజారుకు కూడా తీసుకువెళ్ళారు. మే 31న హైటెక్స్‌లో థాయిలాండ్ యువతికి కిరీటం పెట్టారు. ఆ నెలంతా మన ఇళ్ళలోని టీవీల్లో, ఫోన్లలో అదే సందడి. మా అమ్మాయి కాలేజీలో 'మిస్ ఫ్రెషర్' అనే ఆలోచన ఆకాశం నుండి ఊడిపడలేదు. పెద్ద వేదిక మీద జరిగేదే చిన్న వేదిక మీదికి దిగి వస్తుంది.

ఈ పోటీని 1951లో లండన్‌లో ఎరిక్ మోర్లీ అనే ఆయన ప్రారంభించాడు. అప్పుడది పచ్చిగా ఈత దుస్తుల పోటీ. మొదటి విజేతకు బికినీలోనే కిరీటం పెట్టారు. 1996లో బెంగుళూరులో ఈ పోటీ జరిగినప్పుడు దేశమంతటా నిరసనలు రేగాయి. ఈత దుస్తుల విభాగాన్ని సముద్రం అవతల సీషెల్స్ దీవుల్లో జరుపుకోవలసి వచ్చింది. 2015లో ఆ విభాగాన్ని తీసివేశారు. ఇప్పుడు సేవ, ఆశయం అంటున్నారు. పేద పిల్లల వైద్యానికి నిధులు పోగుచేస్తున్నారు. ఆ పనిలోని మంచిని కాదనవలసిన అవసరం మనకు లేదు. కానీ 2025లోనే ఇంగ్లండ్ నుండి వచ్చిన పోటీదారు మధ్యలోనే వెళ్ళిపోయింది. డబ్బున్నవారి బల్లల దగ్గర కూర్చోబెట్టి వారిని అలరించమన్నట్లు తనకు అనిపించిందని అక్కడి పత్రికకు చెప్పింది. నిర్వాహకులు ఆ మాటను ఖండించారు, రాష్ట్ర ప్రభుత్వం విచారణకు ఆదేశించింది. అసలు సంగతి అల్లాహ్‌కే తెలుసు. మనం గమనించవలసింది ఒక్కటే. దుస్తులు మారాయి, మాటలు మారాయి. ఒక ఆడపిల్లను నిలబెట్టి, పైనుండి కిందికి చూసి, అంకె వేయడం మాత్రం మారలేదు.

"నిండుగా వేసుకుంటే?" అన్నది మా అమ్మాయి ప్రశ్న. ఈ ప్రశ్నకు తన జీవితంతో జవాబు చెప్పిన ఒక యువతి ఉంది. పేరు హలీమా ఏడెన్. సోమాలీ తల్లిదండ్రులకు 1997లో కెన్యాలోని కకూమా శరణార్థి శిబిరంలో పుట్టింది. చిన్నతనంలోనే అమెరికా చేరింది. 2016లో మిన్నెసోటా రాష్ట్రపు అందాల పోటీలో హిజాబ్‌తో పాల్గొంది. ఈత దుస్తుల విభాగంలో శరీరమంతా కప్పే బుర్కినీ ధరించింది. ఆ పోటీలో అలా పాల్గొన్న మొదటి ముస్లిం యువతి ఆమే. సెమీఫైనల్ దాకా వెళ్ళింది. పెద్ద సంస్థలు పిలిచాయి, పత్రికల ముఖచిత్రాలు వచ్చాయి. మన పిల్లలు కూడా "చూశారా, హిజాబ్‌తోనే గెలవవచ్చు" అన్నారు. 2020 నవంబరులో ఆ హలీమాయే మోడలింగ్‌కు సలాం చెప్పింది. నమాజులు తప్పిపోయిన సంగతి, ఒక ఫోటో కోసం తలకు స్కార్ఫుకు బదులు జీన్స్ ప్యాంటు చుట్టిన సంగతి ఆమే స్వయంగా బయటపెట్టింది. తల్లి ఎంతో కాలంగా మానుకోమని బతిమాలుతూనే ఉందట. కరోనా వల్ల పనులు ఆగిపోయినప్పుడు కూర్చొని ఆలోచించుకునే వ్యవధి దొరికిందట.

హలీమాను నిందించడానికి ఇది రాయడం లేదు. తిరిగి వచ్చే ధైర్యం అందరికీ ఉండదు. ఆమె అనుభవం చెప్పేదేమిటంటే, హిజాబ్ తొడుక్కొని వెళ్ళినా ఆ వేదిక తన లెక్క తాను మార్చుకోదు. హిజాబ్‌ను కూడా ఒక అలంకారంగా చేసి దానికీ మార్కులు వేస్తుంది. 2013లో జకార్తాలో ముస్లిం యువతులకే ప్రత్యేకంగా ఒక పోటీ జరిగింది. అందరూ హిజాబ్‌లోనే ఉన్నారు, ఖుర్ఆన్ పఠనాన్ని కూడా పరీక్షించారు. ఉద్దేశం మంచిదే కావచ్చు. నాకు మాత్రం అల్లాహ్ గ్రంథ పఠనం పక్కన నడకకు మార్కులు వేయడం మింగుడుపడలేదు.

ఇస్లాం అందాన్ని ద్వేషించదు. మానవుణ్ణి శ్రేష్ఠమైన ఆకృతిలో సృష్టించినట్లు సూరా తీన్‌లో అల్లాహ్ తెలియజేశాడు. అల్లాహ్ సౌందర్యవంతుడనీ, సౌందర్యాన్ని ఇష్టపడతాడనీ సహీహ్ ముస్లింలోని హదీసు బోధిస్తుంది. అయితే ఆ హదీసు ఏ సందర్భంలో వచ్చిందో చాలామంది చెప్పరు. మంచి బట్టలు, మంచి చెప్పులు ఇష్టపడటం అహంకారమా అని ఒకరు అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఆ మాట చెప్పి, సత్యాన్ని తిరస్కరించడమూ మనుషులను చులకనగా చూడటమూ అహంకారమని వివరించారు. శుభ్రంగా, అందంగా ఉండటం దోషం కాదు. ఇంకొకరిని తక్కువగా లెక్కగట్టడం దోషం.

సూరా నూర్‌లో చూపులు దించుకోమన్న ఆజ్ఞ మొదట పురుషులకు వచ్చింది, ఆ తర్వాతి ఆయతులో స్త్రీలకు. మన ఇళ్ళలో ఈ వరుస తలకిందులైంది. తాను ఫోనులో అందాల పోటీలు చూస్తూ కూతురి దుపట్టా సర్దమనే తండ్రులు ఎంతమంది లేరు!

ఆ మరుసటి ఆదివారం నేను చెప్పిన హదీసు బుఖారీలో, ముస్లింలో ఉంది. హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఒకరోజు తన శిష్యుడైన అతా బిన్ అబీ రబాహ్‌ను స్వర్గవాసి అయిన ఒక స్త్రీని చూపించనా అని అడిగారు. తప్పక చూపమని ఆయన అన్నారు. ఇబ్నె అబ్బాస్ (రజి) ఒక నల్లని స్త్రీని చూపించారు. ఆమెకు మూర్ఛవ్యాధి. మూర్ఛ వచ్చినప్పుడు ఒంటి మీద బట్ట తొలగిపోతోందనీ, తన కోసం దుఆ చేయమనీ ఆమె దైవప్రవక్త (స)ను వేడుకుంది. సహనం వహిస్తే స్వర్గం లభిస్తుందనీ, కోరితే స్వస్థత కోసం దుఆ చేస్తాననీ ఆయన చెప్పారు. ఆమె సహనాన్నే ఎంచుకుంది. బట్ట తొలగకుండా ఉండేలా మాత్రం దుఆ చేయమంది. ఆయన (స) దుఆ చేశారు.

సోదరీమణులారా, ఈ సంఘటనను నిదానంగా ఆలోచించండి. రోగం పోవాలని కోరుకునే అవకాశం ఉండి కూడా ఆమె కోరుకున్నది తన దేహం పదిమంది కళ్ళ పాలు కాకూడదని. ఆమె రంగును హదీసు దాచలేదు. దాచవలసిన లోపంగానూ చూపలేదు. స్వర్గ స్త్రీ అంటే ఎలా ఉంటుందో చూడాలన్న శిష్యుడికి గురువు చూపించిన ముఖం అది.

ఇప్పుడు మా అమ్మాయి అడిగిన రెండో ప్రశ్న. షరీఅత్ పెళ్ళికి ముందు చూసుకోవడాన్ని నిషేధించలేదు. ఒక స్త్రీకి పెళ్ళి సందేశం పంపిన హజ్రత్ ముగీరా బిన్ షుబా (రజి)తో ఆమెను ఒకసారి చూసుకోమని దైవప్రవక్త (స) చెప్పారు, ఇద్దరి మధ్య ప్రేమ నిలవడానికి అది తోడ్పడుతుందని. చూసుకోవలసింది పెళ్ళిచేసుకునే ఇద్దరు. అబ్బాయి అమ్మాయిని, అమ్మాయి అబ్బాయిని, ఇంటి పెద్ద సమక్షంలో. నలుగురు ఆడవాళ్ళు వచ్చి జడ కొలవడం, చెయ్యి పక్కన చెయ్యి పెట్టి పోల్చడం ఏ హదీసులో ఉంది? పైగా స్త్రీలు స్త్రీలను ఎగతాళి చేయరాదని, ఎగతాళికి గురైనవారే మేలైనవారు కావచ్చని సూరా హుజురాత్ ప్రత్యేకంగా హెచ్చరిస్తోంది.

తాండూరు వాళ్ళకు నేను వేరే ఉదాహరణ చెప్పనక్కరలేదు. పాలిషింగ్ యూనిట్‌లో నాపరాళ్ళను నిలబెట్టి నీలమా, పసుపా, అంచు విరిగిందా అని చూసి ధర కడతారు. రాయికి అది తగును. మనం కూతుళ్ళకు, కోడళ్ళకు అదే చేస్తున్నాం. రంగు ఒక మెట్టు తగ్గితే జోడే కీ రఖమ్ ఒక మెట్టు పెరుగుతుంది. 1975లో మార్కెట్‌లోకి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము తన పేరులోని 'ఫెయిర్'ను 2020లో తీసేసింది. కంపెనీ కూడా సిగ్గుపడిన మాటను మనం రిష్తా మాటల్లో ఇంకా ధీమాగా వాడుతున్నాం. విజయవాడ మూలాలున్న నీనా దావులూరి 2013లో మిస్ అమెరికాగా ఎన్నికైనప్పుడు అక్కడ కొందరు ఆమెను జాతి పేరుతో తిట్టారు. ఆ తిట్లకు మనకు కోపం వచ్చింది. కానీ అదే రంగుతో ఆమె మన దేశంలో గెలిచేదా అని అప్పుడు చాలామంది అడిగిన ప్రశ్నకు మన దగ్గర జవాబు లేదు.

స్త్రీని సంపద, వంశం, అందం, ధర్మం అనే నాలుగింటిని చూసి పెళ్ళాడతారనీ, ధర్మపరాయణురాలినే ఎన్నుకోవాలనీ చెప్పిన హదీసు పెళ్ళి ఖుత్బాల్లో వింటూనే ఉంటాం. అది విని వచ్చిన చెవులతోనే "రంగు ఎలా ఉంది?" అని అడుగుతాం. ఇంట్లో ఇరవై ఏళ్ళు మార్కులు వేయించుకొని, తక్కువ మార్కులతో మిగిలిపోయిన పిల్లకు బయట ఎవరో ఎక్కువ మార్కులు వేస్తామంటే ఆశ పుట్టదా? అలాగని వేదిక ఎక్కడం ధర్మసమ్మతమని అనను. పరాయి పురుషుల ముందు నడిచి అంకెలు వేయించుకోవడం మనకు తగదు. కానీ ఆ మాట చెప్పే తల్లి ముందు తన ఇంట్లోని పోటీని రద్దు చేయాలి. లేకపోతే కూతురి ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉండదు, ఆ రోజు నా దగ్గర లేనట్టే.

ఆ ఆదివారం అమ్మాయిని విడిగా కూర్చోబెట్టుకొని, ఆ పోటీలో నీకు నచ్చిందేమిటి బేటీ అని అడిగాను. కిరీటం అంటుందనుకున్నాను. "ప్రశ్న అడుగుతారు కదా ఆపా, మైకులో జవాబు చెప్పాలని" అంది. రేపు టీచరు కాబోయే పిల్ల. ఇన్నేళ్ళ మా దర్స్‌లో ఒక్క అమ్మాయి చేత కూడా మేము పది నిమిషాలు మాట్లాడించలేదు. ఆ తప్పు ముమ్మాటికీ నాదే. తర్వాతి వారం మూర్ఛరోగి స్త్రీ హదీసును ఆమె చేతే చెప్పించాను. మొదట గొంతు వణికింది. స్వర్గవాసిని చూపించనా అన్న చోటుకు వచ్చేసరికి నిలబడింది. మూలన కూర్చున్న ముసలమ్మలు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు.

కాలేజీలో తన పేరు కొట్టివేయించుకుందట. స్నేహితురాళ్ళు రెండు రోజులు అలిగారట.

నిన్న ఆ తల్లి ఫోను చేసింది. మరో సంబంధం వాళ్ళు అమ్మాయి నిలువెత్తు ఫోటో, చున్నీ లేకుండా, పంపమన్నారట. "పంపను ఆపా. అబ్బాయి రావాలి, వాళ్ళ అబ్బా ఉండగా మా అమ్మాయిని చూసుకోవాలి, మా అమ్మాయి కూడా అతణ్ణి చూస్తుంది, జోడే కీ రఖమ్ మాట ఎత్తకూడదు అని చెప్పాను" అంది.

వాళ్ళేమన్నారని అడిగాను.

"ఆలోచించి చెబుతామన్నారు."