యుద్ధానికి ఒక్క దేశమే కారణమా?

మొదటి ప్రపంచ యుద్ధానికి కారణాలు రాయమంటే మన హాస్టల్ తమ్ముళ్ళు చాలామంది ‘జర్మనీ రాజ్యకాంక్ష’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. మార్కులు పడతాయేమో గానీ విషయం అంతటితో తేలదు. ముందు మనవైపు జరిగిన యుద్ధాన్నే చూద్దాం.

బొబ్బిలి మన నౌపడకు మరీ దూరం కాదు. రైల్లో విజయనగరం వెళ్ళి రాయపూర్ లైను పట్టుకుంటే చాలు. 1757 జనవరి 24న అక్కడి కోట కూలింది. బుర్రకథ విన్నవాళ్ళు ఫ్రెంచి సేనాని బుస్సీనే తిట్టుకుంటారు. అందులో న్యాయం ఉంది. 1753లో నిజాం సలాబత్ జంగ్ ఉత్తర సర్కారులను ఫ్రెంచివారికి అప్పగించాడు. ఆ సర్కారుల మీద పట్టు కోసం, శిస్తుల కోసం బుస్సీ సైన్యంతో ఇటు వచ్చాడు. కాని ఆ ఫిరంగులను బొబ్బిలి వైపు తిప్పించిన పట్టుదల విజయనగరం ప్రభువు పూసపాటి విజయరామరాజుది. రెండు సంస్థానాల మధ్య పగ పాతది. బొబ్బిలి రంగారావు కోట విడిచిపోనన్నాడు. సొంత ఇల్లు ఖాళీ చెయ్యనన్నవాణ్ణి యుద్ధకారకుడని మేము అనలేం. అలాగని మొత్తం నేరం ఫ్రాన్సు నెత్తిన రుద్దితే మనవాళ్ళ పగ మాటేమిటి? బుస్సీ బలం లేకుండా విజయరామరాజు అంత పని చేయలేడు, విజయరామరాజు ప్రోద్బలం లేకుంటే బుస్సీకి బొబ్బిలితో అంత వైరమూ లేదు.

1914లోనూ ఇలాగే పలువురి చేతులున్నాయి. జూన్ 28న సారయేవోలో ఆస్ట్రియా యువరాజు హత్య జరిగింది. సెర్బియాను అణచాలని ఆస్ట్రియా చూసింది. నీ వెనుక మేమున్నామని జూలై మొదట్లోనే జర్మనీ మాట ఇచ్చింది. జూలై 28న ఆస్ట్రియా యుద్ధం ప్రకటించింది. రష్యా సైన్యాలను కూడగట్టింది. ఆగస్టు 4న జర్మనీ బెల్జియంలో జొరబడగానే బ్రిటన్ దిగింది. జర్మనీ వాటా పెద్దదే, కాని మొత్తం కాదు. అయినా 1919 వర్సెయిల్స్ సంధిలోని 231వ అధికరణం నష్టాలన్నిటికీ జర్మనీని, దాని మిత్రులను బాధ్యులను చేసింది. 1921లో 13,200 కోట్ల బంగారు మార్కుల పరిహారం విధించారు. ఆ అవమానాన్ని హిట్లర్ తన ప్రచారానికి వాడుకున్నాడు.

అలాగని అన్ని యుద్ధాల్లోనూ తప్పు అందరికీ సమానంగా పంచడం కూడా అన్యాయమే. 1938లో మ్యూనిక్‌లో బ్రిటన్, ఫ్రాన్సులు లొంగిపోయాయి. 1939 ఆగస్టు 23న సోవియట్ రష్యా హిట్లర్‌తో ఒప్పందం చేసుకుంది. ఇవి తప్పులే. అయినా సెప్టెంబరు 1న పోలెండ్ మీద పడింది హిట్లర్ ప్రభుత్వం. ఐరోపాలో ఆ యుద్ధానికి ప్రధాన దోషి అదే.

‘దేశం’ అన్న మాట దగ్గరే మాకు పేచీ. దేశమంటే నిర్ణయం చేసిన నలుగురా, మొత్తం జనమా? మొదటి యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయులు సముద్రాలు దాటి వెళ్ళారు. డెబ్బై వేల మందికి పైగా తిరిగి రాలేదు. 1939 సెప్టెంబరు 3న వైస్రాయ్ లిన్‌లిత్‌గో మన నాయకులనెవరినీ అడగకుండానే భారతదేశం యుద్ధంలో ఉందని ప్రకటించాడు. లెక్కప్రకారం మనమూ యుద్ధం చేసిన దేశమే. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద బాంబులు వేసినప్పుడు, కింద రేవులో పనిచేస్తున్న కూలీలను ఆ యుద్ధం గురించి ఎవరూ ఒక్క మాట అడిగి ఉండలేదు.