నిప్పురవ్వ పడితేనే బండి కదిలేది

ప్రొద్దుటూరు మార్కెట్టుకు తెల్లవారుజామునే కూరగాయలు రావాలి. పులివెందుల తోటల నుంచి అరటిగెలలు, చీనీకాయలు పోవాలి. చిన్న బేరగాళ్లకు మోపెడ్డే ఆధారం. ఇప్పుడు ఆడవాళ్లు కూడా మోపెడ్డు నడుపుతున్నారు. బండి దారిలో ఆగితే ఆ దినం బేరం పోయినట్టే. ఆకుకూర ఎండకు వాడిపోతుంది.

జమ్మలమడుగు దారిలో ఒక అక్క బండి ఆగింది అనుకుందాం. పెట్రోలు ఉంది. ఎన్ని కిక్కులు కొట్టినా స్టార్టు కాలేదు. బండి తోసుకుంటూ మెకానిక్ దగ్గరికి పోయింది.

"ఏమన్నా, ఇంజను పోయిందా? ఎంత ఖర్చవుతుందో ఏమో!"

"ఇంజనుకేం కాలేదులే అక్కా. నిప్పు పడటం లేదు, అంతే."

"బండిలో నిప్పా? పెట్రోలు అంటుకోదా?"

"అంటుకోవాలక్కా. అంటుకుంటేనే బండి పోతాది."

మెకానిక్ చెప్పింది నిజమే. పొయ్యి మండాలంటే ఏం కావాలి? కట్టె, గాలి, నిప్పు. ఇంజనులోనూ అంతే. పెట్రోలు, గాలి, నిప్పురవ్వ కావాలి. పెట్రోలు మండి పిస్టన్‌ను తోస్తుంది. అప్పుడు చక్రం తిరుగుతుంది.

ఈ రవ్వ ఎలా పుడుతుంది?

కిక్కు కొట్టగానే ఇంజనులో అయస్కాంతం ఉన్న చక్రం తిరుగుతుంది. పక్కనున్న తీగచుట్టలో కరెంటు పుడుతుంది. కొన్ని బండ్లలో ఈ కరెంటు బ్యాటరీ నుంచి వస్తుంది. ఇగ్నిషన్ కాయిల్ దాన్ని పెంచుతుంది. మన ఇంటి కరెంటు 230 ఓల్టులు. కాయిల్ నుంచి వచ్చేది 10,000 ఓల్టులు దాటుతుంది. అది లావుపాటి తీగ గుండా ప్లగ్గుకు చేరుతుంది. ప్లగ్గు కొనలో సన్నని సందు ఉంటుంది. కరెంటు ఆ సందు దూకుతుంది. దూకినప్పుడు రవ్వ పుడుతుంది.

బావి దగ్గరి డీజిల్ ఇంజనుకు ఈ ప్లగ్గు లేదు. అందులో గాలిని గట్టిగా నొక్కుతారు. ఆ వేడికే డీజిల్ అంటుకుంటుంది.

రవ్వ ఎందుకు పడదు?

ప్లగ్గు కొనకు మసి పట్టిందనుకోండి. కరెంటు సందు దూకదు. మసి మీదుగా జారిపోతుంది. ఎర్రగుంట్ల, జమ్మలమడుగు దారుల్లో నాపరాళ్ల దుమ్ము ఎక్కువ. ఆ దుమ్ము ఎయిర్ ఫిల్టరును మూసేస్తుంది. గాలి చాలకపోతే పెట్రోలు సరిగా మండదు. మసి పడుతుంది. అందుకే ప్లగ్గుతో పాటు ఫిల్టరూ చూడాలి.

ప్లగ్గు రంగు చూస్తే ఇంజను సంగతి తెలుస్తుంది.

లేత గోధుమ రంగు – బాగుంది.
నల్లని పొడి మసి – గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ.
పెట్రోలు తడి – రవ్వ పడలేదు, లేదా పెట్రోలు ఎక్కువ వచ్చింది.
తెల్లగా మాడినట్టు – ఇంజను మరీ వేడెక్కుతోంది. మెకానిక్‌కు చూపాలి.

అంకె చదవండి, మోసపోకండి

ప్లగ్గు మీద అక్షరాలు, అంకెలు ఉంటాయి. అన్ని ప్లగ్గులూ అన్ని బండ్లకూ సరిపోవు. పాత ప్లగ్గు మీది అంకె కాగితంపై రాసుకోండి. అంగడిలో అదే అంకె చూసి తీసుకోండి. బిల్లు అడగండి.

మోపెడ్డుకు ఒక ప్లగ్గు, ఒక తీగ. పెట్రోలు కార్లకు ఎక్కువ ఉంటాయి. జపాన్‌లో మాజ్డా కంపెనీ 1967లో కాస్మో స్పోర్ట్ అనే కారు అమ్మింది. దాని ఇంజనులో పిస్టన్లే లేవు. మూడు మూలల ముక్కలు రెండు గుండ్రంగా తిరుగుతాయి. ఒక్కో ముక్కకు రెండు ప్లగ్గులు. ఒకటి ముందు, ఇంకొకటి కాస్త తర్వాత రవ్వ వేస్తుంది. తీగలు తారుమారైతే ఇంజను సరిగా నడవదు. అందుకే తీగ ఊడదీసే ముందు దానికి 1, 2 అని చీటీ కట్టాలి. అంకెలు వచ్చిన వాళ్లకు ఇదేం కష్టం కాదు.

గుర్తుంచుకోండి

1. బండి ఆగితే ముందు తాళం, పెట్రోలు, ప్లగ్గు టోపీ చూడండి. టోపీ వదులైతే గట్టిగా నొక్కండి.
2. ఇంజను చల్లారాక, తాళం తీసి, ప్లగ్గు విప్పండి.
3. బిగించేటప్పుడు ముందు చేత్తో తిప్పండి. చివర్లో మాత్రమే పానా వాడండి.
4. ఇంజను తిరుగుతుండగా లావు తీగ ముట్టకండి. షాక్ కొడుతుంది.
5. దగ్గర్లో బీడీ, అగ్గిపుల్ల వద్దు.

జవాబులు రాయండి

1. పొయ్యికీ ఇంజనుకూ పోలిక ఏమిటి?
2. ప్లగ్గు నల్లగా ఉంటే ఏం చూడాలి?
3. మీ ఊరిలో ఎవరి బండి ప్లగ్గు అయినా చూసి, దాని మీది అంకె రాయండి.