నేలలో కర్బనం – పరీక్షా విధానం

వెన్న పరీక్షకు ముందు పాలను బాగా కలియబెట్టాలని సంఘాల తనిఖీలలో మేము పదే పదే చెబుతుంటాము. మట్టి పరీక్షకూ అదే సూత్రం.

సేంద్రియ కర్బనాన్ని తెలుసుకొనుటకు మన ప్రయోగశాలల్లో ఎక్కువగా 1934లో వెలువడిన వాక్లీ-బ్లాక్ పద్ధతిని అనుసరిస్తారు. 1 గ్రాము మట్టికి 10 మి.లీ. పొటాషియం డైక్రోమేట్ ద్రావణం, 20 మి.లీ. గాఢ గంధకికామ్లం చేర్చి అరగంట ఉంచుతారు. కర్బనం కొంత డైక్రోమేట్‌ను ఖర్చు చేస్తుంది. మిగిలినదాన్ని ఫెర్రస్ అమ్మోనియం సల్ఫేట్‌తో కొలిచి, ఖర్చయినదానినిబట్టి కర్బనం లెక్కకడతారు. ఇందులో సుమారు 77 శాతం కర్బనమే తేలుతుంది గనుక ఫలితాన్ని 1.3తో హెచ్చవేయడం వాడుక.

మట్టిని అధిక వేడిమిలో కాల్చి, వెలువడే బొగ్గుపులుసు వాయువును కొలవడం మరింత కచ్చితం. అయితే సున్నపు నేలల్లో సున్నంలోని కర్బనమూ లెక్కకు వస్తుంది, దానిని మినహాయించాలి.

కర్బనం 0.5 శాతానికి లోపైతే తక్కువ, 0.75 దాటితే ఎక్కువ.

పెంటకుప్ప ఉన్నచోట మట్టి తీస్తే ఫలితం ఎక్కువగా వస్తుంది. అది నమ్మి పశువుల ఎరువు వేయడం మానితే ముందు పచ్చిమేత, ఆపై పాలు తగ్గుతాయి. కనుక సభ్యులు పొలంలో 8–10 చోట్ల 15 సెం.మీ. లోతు వరకు మట్టి తీసి, బాగా కలిపి, నీడన ఆరబెట్టి, అర కిలో పంపవలెను.