ఒంటి పట్టా మీద నడిచిన రైలు

ప్రశ్న: దసరా సెలవులకు ఢిల్లీ వెళ్తున్నాం. నాలుగేళ్ల బాబు, ఏడేళ్ల పాపతో రైలు మ్యూజియం చూడటం ఎలా?

జవాబు: తప్పకుండా తీసుకెళ్లండమ్మా. చాణక్యపురిలోని జాతీయ రైలు మ్యూజియానికి సోమవారం సెలవు. ఇంజన్లు చాలావరకు ఆరుబయటే ఉంటాయి, పొద్దున్నే వెళ్లండి. ఎండెక్కితే ఇనుము చుర్రుమంటుంది. బొమ్మరైలు ముందే ఎక్కించేయండి, లేదంటే బాబు దాని ధ్యాసలో మరేదీ చూడడు.

అన్నీ చూపించాలని ఆరాటపడొద్దు. 1907లో మొదలైన పటియాలా మోనోరైలు దగ్గర మాత్రం తీరిగ్గా నిలబడండి. దానికి పట్టా ఒక్కటే. బరువు దాదాపు అంతా దానిమీదే. ఒరిగిపోకుండా ఒకవైపున్న పెద్ద చక్రం నేలమీద దొర్లేది. రెండో పట్టా ఎక్కడుందో పాపను వంగి వెతకమనండి. పిల్లల ఆ వెతుకులాటే నాకు అన్నిటికన్నా ఇష్టం.

నీళ్ల సీసా, టోపీలు మరిచిపోవద్దు. ఇంజన్ల దగ్గర బాబు చెయ్యి వదలకండి.