సంఘపు కంప్యూటరులో లెక్కల పుట తెరచుకొననప్పుడు

2022 జూన్ నెలలో కేంద్ర ప్రభుత్వమువారు 63,000 ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరులోనికి మార్చుటకై 2,516 కోట్ల రూపాయల పథకమునకు సమ్మతించిరి. పెద్ద చిట్టాల స్థానమున కంప్యూటరు వచ్చినచోట దానితో యాంటీవైరస్ అను కావలివాడును వచ్చినాడు. ఈ కావలివాడు ఒక్కొక్కప్పుడు దొంగను విడిచి యజమానిని వాకిట నిలుపును. నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతముల సభ్యులకు అక్కరకు వచ్చునని ఈ సంగతి వ్రాయుచున్నాము.

వీని పని విత్తనపు మడిలో కేళీలను ఏరుట వంటిది. తెలిసిన దొంగ ప్రోగ్రాముల ఆనవాళ్ల పట్టిక వీనియొద్ద నుండును. కంపెనీవారు దానిని తరచుగా కొత్తచేసి పంపుచుందురు. పట్టికలో లేనిదైనను నడవడి అనుమానముగా నున్నచో అడ్డగించును. కొత్త కూలివాడు ఎత్తు చూచి మంచి దుబ్బును సైతము పెరికివేయునట్లు వీడును పొరబడును. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ కంపెనీ పంపిన పట్టిక, విండోస్ ఎక్స్‌పీకి ప్రాణమువంటి ఫైలునే వైరస్సుగా నెంచి, దేశదేశముల కంప్యూటర్లను మూలబెట్టెను.

ఆళ్లగడ్డ వైపు ఒక సంఘమున మేము చూచినది వేరు. అది అప్పుల గడువు దినము. 3 లక్షల వరకు పంట అప్పును గడువులోగా తీర్చినవారికి కేంద్రపు రాయితీతో వడ్డీ నూటికి 4 మాత్రమే. గడువు మీరెనా, అందులో 3 రూపాయల ప్రోత్సాహము పోవును. రైతులు రూకలు చేతబట్టుకొని బల్లపై కూర్చుండిరి. లెక్కల పుటకు ఎఱ్ఱని అడ్డు! గుమాస్తా కస్టమర్ కేరుకు ఫోను చేసెను. చాలసేపు పాట వినిపించిరి. ఒకటి నొక్కుము, రెండు నొక్కుమనిరి. తుదకు దొరకిన మనిషి తెలుగెరుగడు. తీసివేసి మరల వేయుమనెను. వేసినను అదే గతి. రెండవమారు మఱియొక మనిషి, కథ మొదటినుండి. వెబ్‌సైటుదే దోషమని ఇతడు, యాంటీవైరస్సుదే దోషమని వెబ్‌సైటువారు. ఏటేట రుసుము పుచ్చుకొనువారు రైతుభాష తెలిసిన మనిషి నొకనినైన నుంచకుండుట అన్యాయమని మా అభిప్రాయము.

కారణము చూడగా కడు చిన్నది. కంప్యూటరు మూలన తేదీ కొన్నియేండ్ల వెనుకటిది. లోపల రూపాయి బిళ్లవంటి బ్యాటరీ యున్నది. అది చచ్చినచో కరెంటు పోయినప్పుడెల్ల గడియారము వెనుకకు పోవును. భద్రమైన ప్రతి వెబ్‌సైటును ఒక ధ్రువపత్రము చూపును. దానికి మొదలు తేదీయు తుది తేదీయు నుండును. కంప్యూటరు తేదీ ఆ రెంటి నడుమ లేకున్న పత్రము చెల్లదని ఆపివేయును. తేదీ సరిచేయగానే పుట తెరచుకొనెను. బ్యాటరీ మరునాడు మార్చిరి.

కావున మొదట తేదీయు సంవత్సరమును చూడుడు. పిమ్మట చిరునామాను అక్షరమక్షరము చదువుడు. అదే పుటను వేరొక యంత్రమున తెరువుడు. అందును రాకున్న లోపము అవతలివారిది కావచ్చును. చిరునామా నిక్కమని తేలినచో ఆ ఒక్కదానిని మాత్రమే మినహాయింపుల పట్టికలో చేర్పింపుడు. తెరను ఫోటో తీసి కంపెనీకి వ్రాతమూలకముగా ఫిర్యాదు పంపుడు. బదులు రానిచో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915 కలదు. అందు తెలుగున మాటలాడవచ్చును.

విసుగుతో యాంటీవైరస్సునే ఆపివేయుదమని ఆ గుమాస్తా యనెను. అది కూడదు. హైదరాబాదులోని మహేశ్ సహకార బ్యాంకున ఉద్యోగులు మాయ ఈమెయిళ్లను తెరచుటచేత దొంగలు లోపల జొచ్చి, 2022 జనవరిలో 12 కోట్లకు పైగా తరలించిరి. 2024 జూలై చివరన సీ-ఎడ్జ్ అను సేవాసంస్థపై దాడి జరుగగా, దానిపై ఆధారపడిన సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగెను. వానిలో సహకార బ్యాంకులును గలవు.

కస్టమర్ కేరు సంఖ్యను ఇంటర్నెట్టులో వెదకి పట్టుకొనుట మఱియు నపాయము; దొంగలు తమ సంఖ్యలను అచ్చట పరచి యుంతురు. కొన్న పెట్టెమీదనో బిల్లుమీదనో యున్న సంఖ్యకే ఫోను చేయవలెను. మన తెరను తమ చేతి కిమ్మను ప్రోగ్రాము నెక్కింపుమని ఎవడైన ఎదురు ఫోను చేసినచో ఎక్కింపరాదు. డబ్బు పోయినచో ఆ గడియలోనే 1930కి తెలుపుడు.

పుట తెరచుకొనని దినమున సభ్యులు రూకలతో ఇంటికి మరలవలదు. చెల్లించి, తేదీయు గంటయు వేసి, ముద్రయు సంతకమును గల చేతి రసీదు పుచ్చుకొనుడు. కార్యదర్శియు ఆ దినపు అడ్డును మినిట్ల పుస్తకమున వ్రాసి, జిల్లా సహకార కేంద్ర బ్యాంకు శాఖకు అప్పుడే తెలుపవలెను.