పెద్ద ఫోను ఎవరి చేతికి మేలు?

పోయిన నెల మా దవాఖానాకు ఒక పెద్దమనిషి వచ్చి, నాడి చూపించుకోకముందే ఒక ప్రశ్న వేశారు. "హకీం సాబ్, మా అబ్బాయి పుణె నుంచి ఇంత పెద్ద ఫోను తెచ్చాడు. కళ్లకు మంచిదని వాడంటాడు. చెయ్యి పాడవుతుందని మా ఆవిడ అంటోంది. ఎవరి మాట నిజం?" ఇద్దరి మాటా నిజమే అన్నాను. ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. అందుకే ఈ వారం కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు "పెద్ద" అంటే ఎంతో చూద్దాం. 2007లో వచ్చిన మొదటి ఐఫోను తెర మూడున్నర అంగుళాలు, బరువు 135 గ్రాములు. 2011లో శామ్‌సంగ్ వాళ్లు 5.3 అంగుళాల గెలాక్సీ నోట్ తెచ్చినప్పుడు, చెవి దగ్గర పలక పెట్టుకుని మాట్లాడుతున్నారని జనం నవ్వారు. 2024లో వచ్చిన గెలాక్సీ ఎస్24 అల్ట్రా తెర 6.8 అంగుళాలు, బరువు 232 గ్రాములు. దానికి కవరు తొడిగితే పావుకిలో దాటుతుంది. అయితే ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఆనాటి నోట్ వెడల్పు 83 మిల్లీమీటర్లు, ఈనాటి దాని వెడల్పు 79 మాత్రమే. అంటే తెర అడ్డంగా కాదు, నిలువుగా పెరిగింది, దాంతోపాటు బరువూ పెరిగింది. అంగుళాల లెక్క మూలకు మూలకు కొలిచినది కాబట్టి అది చూసి మోసపోవద్దు. చేతికి తెలిసేవి వెడల్పు, బరువు.

యునానీ వైద్యంలో ఆరోగ్యానికి ఆధారమైన ఆరు విషయాలను అస్బాబ్-ఎ-సిత్తా జరూరియా అంటాం. గాలి, అన్నపానాలు, శరీరం కదలిక-విశ్రాంతి, మనసు కదలిక-విశ్రాంతి, నిద్ర-మెలకువ, శరీరంలో నిలవాల్సినవి నిలవడం, పోవాల్సినవి పోవడం. ఫోను వీటిలో మూడింటిని నేరుగా తాకుతుంది. శరీరానికి సంబంధించి అసలు చిక్కేమిటంటే, ఫోను పట్టుకున్నప్పుడు ఒళ్లంతా కదలదు, ఒక్క బొటనవేలే వందలసార్లు కదులుతుంది. వేలు వ్యాయామం చేస్తోంది, మనిషి కూర్చునే ఉన్నాడు. ఇలాంటి కదలికను మేము రియాజత్ అనం.

ఇప్పుడు నా పొరపాటు ఒకటి చెప్పాలి. మన సోలాపూర్‌లో బీడీలు చుట్టే మన ఆడవాళ్ల సంగతి మీకు తెలియనిది కాదు. తునికాకు కత్తిరించడం, పొగాకు వేసి చుట్టడం, దారం కట్టడం, అంతా వేళ్ల మీదే. కూలి వెయ్యి బీడీల లెక్కన. వేలు ఆగితే కూలి ఆగుతుంది. అలాంటి ఒక సోదరి, నలభై ఏళ్లు ఉంటాయి, కుడి బొటనవేలి మొదట్లో మణికట్టు దగ్గర నొప్పి, వాపు అని వచ్చింది. బీడీలు చుట్టే చెయ్యి కదా, ఇంకేం చూడాలి అనుకున్నాను. రోగన్-ఎ-బాబూనా ఇచ్చి, రుద్దుకోమని, పని తగ్గించుకోమని చెప్పాను. పని తగ్గించుకోమనడం నాకు తేలిక, ఆమెకు కాదు. అయినా పాపం తగ్గించుకుంది. రెండు నెలలైనా నొప్పి తగ్గలేదు.

మూడోసారి వచ్చినప్పుడు వరుసలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. కొడుకు కొనిచ్చిన పెద్ద ఫోను. చిటికెన వేలు అడుగున ఆనించి, మూడు వేళ్లతో వెనక పట్టుకుని, ఆ చేతి బొటనవేలినే తెర అవతలి మూలకు సాగదీసి సాగదీసి నొక్కుతోంది. "రోజూ ఎంతసేపు చూస్తావమ్మా?" అన్నాను. "పని అయ్యాక రాత్రి రెండు మూడు గంటలే హకీం సాబ్, కాస్త చేతికి విశ్రాంతిగా ఉంటుందని," అంది. విశ్రాంతి అనుకున్నది రెండో పూట పని అయింది!

బొటనవేలిని పైకి లాగే రెండు నరాల్లాంటి తాళ్లు (స్నాయువులు) మణికట్టు పక్కన ఒక ఇరుకు గొట్టంలోంచి పోతాయి. ఒరిపిడికి ఆ గొట్టం మందమైతే తాళ్లు జారవు, నొప్పి పుడుతుంది. స్విట్జర్లాండ్ శస్త్ర వైద్యుడు ఫ్రిట్జ్ డి కెర్వా 1895లో దీన్ని వివరించాడు కాబట్టి అల్లోపతిలో ఆయన పేరుతోనే పిలుస్తారు. అప్పటికి ఫోను చేతుల్లోకి రాలేదు కదా, కనుక నేరమంతా ఫోనుదే అనకూడదు. ఇది మగవాళ్లకంటే ఆడవాళ్లకు ఎక్కువ, బిడ్డను ఎత్తుకునే బాలింతలకూ వస్తుంది. కానీ ముందే అలసిన వేలికి పెద్ద ఫోను అదనపు బరువు.

మీరే చూసుకోవచ్చు. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, మిగతా వేళ్లతో పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమని పట్టుకుంటే అనుమానించాలి. మెల్లగా అన్నాను, గట్టిగా వంచి లేని నొప్పి తెచ్చుకోకండి.

వరమ్, అంటే వాపు ఉన్నచోట గట్టి దల్క్ (మర్దన) పనికిరాదు. నేను చెప్పింది "రుద్దుకో" అని, ఆమె రుద్దింది బట్టలుతికినట్టు. చర్మం వేడిగా, ఎర్రగా ఉన్నన్నాళ్లు చల్లటి నీళ్లలో తడిపిన గుడ్డ వేయాలి. ఆ వేడి తగ్గాక గోరువెచ్చని నూనె నాలుగు చుక్కలు, వేలి కొనలతో తేలికగా రాయాలి. అంతకంటే ముందు వేలికి అసలు విశ్రాంతి కావాలి. ఆమె ఫోనును పీట మీద గోడకు ఆనించి, చేత్తో పట్టుకోకుండా చూడటం మొదలుపెట్టింది, తాకాల్సి వస్తే ఎడమ చేతి చూపుడు వేలు. బీడీల పని మానలేదు. ఆరు వారాల్లో వాపు తగ్గింది. ఇలా తగ్గకపోతే ఎముకల డాక్టరు దగ్గరికి వెళ్లాలి, వాళ్లు పట్టీ వేస్తారు, అవసరమైతే సూది మందు ఇస్తారు. నూనె మీద నమ్మకంతో నెలలు గడపవద్దని హకీంగా నేనే చెబుతున్నాను.

ఇక పెద్ద ఫోను మేలు కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. నలభై దాటాక చత్వారం అందరికీ వస్తుంది. చిన్న తెర మీద చిన్న అక్షరాలైతే కనుబొమలు ముడిచి చదువుతాం. తెర పెద్దదైతే అక్షరం పెద్దది చేసుకుని చేయి చాచినంత దూరంలో చదవొచ్చు. మన తెలుగుకు ఇంకో లాభం. "స్త్రీ" అని రాయాలంటే కీబోర్డు మీద సకారం, పొల్లు, తకారం, పొల్లు, రకారం, దీర్ఘం, ఆరుసార్లు నొక్కాలి. చిన్న తెర మీద ఆ మీటలు ఆవగింజల్లా ఉంటాయి. వేళ్లు వణికే పెద్దవాళ్లకు పెద్ద మీటే దిక్కు. చెవి మందగించిన వాళ్లు వీడియోలో మనవడి పెదాలు చూసి మాట పోల్చుకుంటారు. అది చిన్న తెరలో కుదరదు.

కానీ ఈ మేలు వెనక ఒక ప్రమాదం దాగి ఉంది. డెబ్బై దాటిన మా పాత మగ్గం మేస్త్రీ ఒకాయన అక్షరాలను పెంచుకుంటూ పోయారు. చివరికి తెర మీద వరుసకు మూడు మాటలు పట్టేవి. "నా చూపు బ్రహ్మాండం, ఫోనులో అన్నీ కనిపిస్తున్నాయి," అనేవారు. రాత్రి రోడ్డు మీద దీపాల చుట్టూ వలయాలు కనిపిస్తున్నాయని మాటల్లో అన్నప్పుడు అనుమానం వచ్చి కంటి ఆసుపత్రికి పంపాను. రెండు కళ్లలో శుక్లాలు. మా భాషలో నుజూల్-ఉల్-మా. అక్షరం పెద్దదవుతున్నకొద్దీ చూపు తగ్గుతున్న సంగతి ఆయనకు తెలియలేదు. కాబట్టి ఏడాదిలో రెండోసారి అక్షరం సైజు పెంచాల్సి వస్తే ఫోనును కాదు, కంటిని చూపించుకోండి. మధుమేహం ఉన్నవాళ్లు అంతవరకూ ఆగకుండా ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష చేయించుకోవాలి. తెర చూస్తున్నప్పుడు రెప్ప వేయడం తగ్గి కళ్లు ఎండి మండుతాయి, దానికి మాటిమాటికీ రెప్ప వేయడం, ఇరవై నిమిషాలకోసారి దూరంగా చూడటం చాలు. ఇంట్లోని పన్నీరు కళ్లలో పోసుకోవద్దు, అది శుద్ధి చేసిన కంటి మందు కాదు.

మెడ సంగతి. తల బరువు నాలుగున్నర నుంచి ఐదున్నర కిలోలు. దాన్ని 60 డిగ్రీలు ముందుకు వంచితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందని 2014లో అమెరికాలో ఒక వెన్నెముక వైద్యుడు లెక్కగట్టాడు. అది కంప్యూటరు లెక్కే, మనుషుల మీద కొలిచింది కాదు. అయినా తల వంచేకొద్దీ భారం పెరుగుతుందన్నది నిజం. బరువైన ఫోనును చెయ్యి మోయలేక ఒళ్లోకి దించుతాం, తల దాని వెంటే దిగుతుంది. ఒళ్లో తలగడ పెట్టుకుని దాని మీద మోచేతులు ఆనిస్తే ఫోను పైకి వస్తుంది.

పడుకుని చూసేవాళ్లకు ఒక్క మాట. మోచేతులు గంటల తరబడి మడిచి ఉంచితే ఉంగరపు వేలు, చిటికెన వేలు తిమ్మిరెక్కుతాయి, అక్కడి నరం నొక్కుకుపోవడం వల్ల. రాత్రి తెర వెలుతురు నిద్రను వెనక్కి నెడుతుంది. పడుకునే గంట ముందు ఫోను పక్క గదిలో ఉండాలి.

కొనేటప్పుడు అంగుళాలు అడగకండి, గ్రాములు అడగండి. కవరు వేయించి, ఒక చేత్తో ఐదు నిమిషాలు పట్టుకుని చూడండి. బొటనవేలు చాచకుండా తెర మధ్యకు అందుతోందా? అందకపోతే రెండు చేతులతో వాడాల్సిన ఫోను అని తెలుసుకుని కొనండి. చాలా ఫోన్లలో ఒంటిచేతి వాడకం కోసం తెరను కిందికి దించే ఏర్పాటు ఉంటుంది, కొట్టువాణ్ణి అడిగి పెట్టించుకోండి. తెలుగులో మాట్లాడితే రాసుకునే సౌకర్యమూ ఉంది, దాంతో వేలికి పని సగం తగ్గుతుంది.

మొదట చెప్పిన పెద్దమనిషి మళ్లీ వచ్చారు. పెద్ద ఫోను ఆయన దగ్గరే ఉంది, బల్ల మీద స్టాండుకు ఆనించి వార్తలు చదువుతున్నారట. వాళ్లావిడకు తన పాత చిన్న ఫోనే హాయిగా ఉందట. ఆమెకు చత్వారపు అద్దాలు మాత్రం మార్చాలి, వచ్చే వారం కంటి పరీక్షకు తీసుకెళ్తానన్నారు.